అడుగున ఉన్న దారం

మా ఊరి బాస్ చేపల వేటగాళ్ళ సంఘం పోయిన నెల సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా రెండుగా చీలిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. సంఘం పుట్టిన ఇరవై రెండేళ్ళలో సభ్యులందరూ ఒకే మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి కనుక, కార్యదర్శి హోదాలో ఆ ఘట్టాన్ని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. బాస్ అనేది మా రిజర్వాయరులో పెరిగే చేప. నోరు పెద్దది, ఓపిక తక్కువ, కదిలిందల్లా తిండే అనుకుంటుంది. ఈ లక్షణాల వల్లనే మా సభ్యులకు దానిమీద అంత ఆత్మీయత అని నా అనుమానం. దాన్ని పట్టడానికి గాలపు కర్ర, కర్రకు రీలు, రీలుకు దారం కావాలి. దారాలు రెండు రకాలు. మొదటిది ఒంటిపోగు: గాజులా నున్నగా, నీళ్ళలో కనిపించీ కనిపించకుండా ఉండే నైలాను పోగు, లాగితే కాస్త సాగుతుంది. రెండోది జడదారం: సన్నని పోగులు ఎనిమిదింటిని జడలా అల్లింది, సాగదు, ఒక పట్టాన తెగదు, కానీ తేట నీళ్ళలో కనిపిస్తుంది. నీటిని బట్టీ నాచును బట్టీ దారం ఎంచుకోవాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. డబ్బా మీద రాసింది చదివే అలవాటు మా సంఘంలో లేదు.

సభ్యులం నలభై రెండు మందిమి. నిరుడు మొత్తం మూడు చేపలు పట్టాం. అందులో ఒకటి, వదిలేస్తే మళ్ళీ వచ్చి పడింది. దాన్ని రెండుగా లెక్కించాలా వద్దా అన్న విషయం ఇంకా ఉపసంఘం పరిశీలనలో ఉంది.

మా అధ్యక్షులవారు పళ్ళ డాక్టరు. ముప్పై ఏళ్ళుగా ఒంటిపోగు దారంతో చిగుళ్ళకు కుట్లు వేస్తున్నారు. ఉపాధ్యక్షుడు లిఫ్టు మెకానిక్కు. అల్లిన ఉక్కుతాడు మీద నమ్మకంతో ఊళ్ళో సగంమందిని రోజూ పైకీ కిందికీ పంపుతున్నాడు. ఎవరి అనుభవం వాళ్ళకు శాస్త్రం. ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఒకే టిఫిను డబ్బాలో తింటూ ఏ గొడవా లేకుండా ఉన్నారు. అంటే అప్పటిదాకా ఇద్దరికీ చేప పడలేదన్నమాట.

వేసవి మొదట్లో అధ్యక్షులవారి గాలానికి ముసలమ్మ పడింది. ముసలమ్మ అంటే మనిషి కాదు, గట్టు పక్క నాచులో కాపురముండే పాత బాస్ చేప. మా సభ్యులందరూ దాన్ని ఒక్కసారైనా చూశారు. కొందరు చూడకుండానే కొలతలు కూడా చెప్పగలరు. అధ్యక్షులవారు లాగారు, అది నాచులోకి దూరింది, దారం తెగింది. అంతవరకూ ప్రకృతి సహజం. పక్కనే ఉన్న లిఫ్టు మెకానిక్కు రొట్టెముక్క నములుతూ ఒక్క మాట అన్నాడు.

"జడదారమైతే తెగేది కాదు డాక్టరుగారూ."

పదిహేను రోజుల తర్వాత అదే ముసలమ్మ మెకానిక్కు ఎర దాకా వచ్చి, ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అధ్యక్షులవారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు.

"అంత లావు దారం వేస్తే చేపేంటయ్యా, కళ్ళు కనపడని మా మామగారు కూడా చూస్తాడు."

చిలికి చిలికి గాలివాన అయిందంటారు. మాకు చిలకాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ మధ్యాహ్నానికే సత్యనిర్ధారణ సంఘం ఏర్పడింది.

సత్యాన్ని నిర్ధారించడానికి ఆ సంఘం పడిన శ్రమ తక్కువది కాదు. మొదట, చేపల అభిప్రాయం తెలుసుకోవాలని తీర్మానించారు. రెండు దారాలనూ పక్కపక్కనే నీళ్ళలోకి వదిలారు. గాలమూ ఎరా ఉంటే చేపల మీద ఒత్తిడి తెచ్చినట్టవుతుందని వాటిని తీసేశారు. ఆరు గంటలు వేచి చూశారు. "చేపలు తటస్థంగా ఉన్నాయి" అని నివేదిక ఇచ్చారు. దానికి ఒంటిపోగువారు "మౌనం అర్ధాంగీకారం" అన్నారు. జడవారు మిగతా అర్ధం తమదన్నారు.

తర్వాత విషయం నీళ్ళలోంచి ఊళ్ళోకి నడిచింది. పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆ భవనం లిఫ్టు ఉన్నట్టుండి మూడో అంతస్తు దాకానే వెళ్ళడం మొదలుపెట్టింది. సాంకేతిక లోపమని మెకానిక్కు రాతపూర్వకంగా తెలిపాడు. ఆ వారమే జడవర్గానికి చెందిన ఒక సభ్యుడు పన్ను నొప్పితో మూడు అంతస్తులు లిఫ్టులోనూ ఒకటి మెట్ల మీదా వెళ్ళి కుర్చీలో కూర్చుంటే, డాక్టరుగారు చేతిలో పరికరం పట్టుకుని చాలా మర్యాదగా "ఏ దారం?" అని అడిగారట. అతను నోరు మూసుకుని అదే దారిన దిగి వచ్చాడు. అప్పటినుంచి జడవర్గంలో నోరు తెరిచేవాళ్ళు లేరు. సమావేశాలు ప్రశాంతంగా జరుగుతున్నాయి.

ఆ సమావేశాలు లాండ్రీ పైన ఉన్న మా గదిలో జరుగుతాయి. కింద ఇస్త్రీ ఆవిరి నేల సందుల్లోంచి పైకి వస్తుంటుంది. చలికాలం అది మాకు ఒక వరం. పోయిన నెల చీలిపోయాక ఆస్తుల పంపకం కూడా అక్కడే జరిగింది. గడియారం వీళ్ళకి, తాళంచెవి వాళ్ళకి. చేపను నీళ్ళలోంచి ఎత్తే చేతివల ఒక్కటే ఉంది కనుక, దాని కర్ర ఒంటిపోగువారికి, వల జడవారికి చెందింది. రిజర్వాయరు నీళ్ళ మీదికి కొంతదూరం పోయి ఆగే చెక్కవంతెనను నిడివిగా రెండు చేయాలని, మధ్యన పసుపు గీత గీయాలని తీర్మానించారు. గీత గీసే పని మెకానిక్కు మీద పడింది.

ఆ వంతెన చివర ఒక బెంచీ ఉంది. అది సరిగ్గా మధ్యలో ఉంది.

బెంచీ గురించి కొంచెం చెప్పాలి. కుడివైపు నేను కూర్చుంటాను. ఎడమవైపు మా ఆవిడ కూర్చునేది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆ ఎడమ సగంలో ఎవరూ కూర్చోలేదు. వంతెన మీద చోటు లేక నిలబడ్డవాళ్ళున్నారు గానీ, అక్కడ కూర్చున్నవాళ్ళు లేరు. దీనికి తీర్మానమేమీ లేదు. మా సంఘం తీర్మానం లేకుండా చేసిన పని నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే.

పసుపు గీత వంతెన మొదట్నుంచి తిన్నగా వచ్చి, బెంచీ దగ్గర ఆగి, బెంచీ దాటాక మళ్ళీ మొదలై నీళ్ళ దాకా వెళ్ళింది. బెంచీ మీద ఎందుకు గీయలేదని అధ్యక్షులవారు సంజాయిషీ కోరారు. రంగు చాలలేదని మెకానిక్కు జవాబిచ్చాడు. మిగిలిన రంగు డబ్బా సగానికి పైగా నిండి అతని కాళ్ళ దగ్గరే ఉంది. అధ్యక్షులవారు దాన్ని చూసి, జవాబు సంతృప్తికరంగా ఉందని రాసుకోమన్నారు. రాసుకున్నాను.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా పదకొండో తీర్మానం వచ్చింది. ప్రతి సభ్యుడూ తన వర్గాన్ని ప్రకటించాలి. మాట చాలదు కనుక, ఆదివారం వంతెన మీద అందరి రీళ్ళూ మొదలంటా విప్పి పరీక్షించాలి. ఒకే రీలులో రెండు దారాలూ కనబడితే, కలిపిన ముడి దగ్గర దారాన్ని కత్తిరించాలి. కల్తీ దారం ఎవరి దగ్గర దొరికినా ఇదే శిక్ష, హోదా చూడరాదు. ప్రతిపాదించినవారు అధ్యక్షులవారు, బలపరిచినవారు ఉపాధ్యక్షుడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

నేను రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపాను.

నేను వాడేది మా ఆవిడ రీలు. ఆమె చివరి శరదృతువులో దానికి దారం ఎక్కించింది. వంటగది బల్ల మీద దీపం దగ్గరికి జరుపుకుని, అడుగున ఒంటిపోగు చుట్టి, దాని కొసకు యాభై గజాల జడదారం కలిపింది. వేళ్ళు అప్పటికే సరిగా పట్టు దొరకనిచ్చేవి కావు. మూడుసార్లు జారింది. నాలుగోసారి ముడి కుదిరింది. బిగించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడిపింది. తడపకుండా బిగిస్తే రాపిడికి దారం బలహీనపడుతుంది. తర్వాత మిగతా దారమంతా దానిమీద చుట్టేసి అంది:

"ఇంక ఇది బయటికి రాదండీ. మీరు విసిరితే ఇరవై గజాలు పోదు. ఇది బయటికొచ్చిందంటే పెద్దది పడిందన్నమాట. అప్పుడు నన్ను పిలవండి."

ఆ ముడి రీలు అడుగున అలాగే ఉంది. నాకు అలాంటి ముడి వేయడం రాదు.

శనివారం మా మరదలి దగ్గరికి వెళ్ళాను. ఆమె మా ఆవిడకు చెల్లెలు. గాలపు సామాన్ల కొట్టు నడుపుతుంది. ఊళ్ళో అందరూ ఆమెను కొట్టక్క అంటారు. నేను వెళ్ళేసరికి ఎరగా కట్టే రబ్బరు కప్పలను రంగుల వారీగా గోడకు తగిలిస్తోంది.

"రండి బావా. మొహమేంటి అలా ఉంది, చేప గానీ పడిందా?"

విషయం చెప్పాను. ఆమె వింటూ వింటూ ఒక కప్పను తలకిందులుగా తగిలించి, మళ్ళీ సరిచేసింది.

"మీ సంఘం వాళ్ళ రీళ్ళకి దారం ఎక్కించేది ఎవరు బావా?"

"నువ్వే."

"నలభై రెండిటికీ?"

"మీ అక్క ఎక్కించిన మాది తప్ప."

"మరి నన్నెవరైనా అడిగారా?"

అడగలేదని ఒప్పుకున్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "జడదారం నున్నటి రీలు మీద పట్టుకోదు బావా. జారి గుండ్రంగా తిరుగుతుంది. చేప లాగితే దారం మొత్తం అలాగే తిరిగిపోతుంది. అందుకని జడ కావాలన్న ప్రతివాడికీ అడుగున నాలుగు చుట్లు ఒంటిపోగు వేసే ఇస్తాను. మీ మెకానిక్కుగారికి కూడా."

"డాక్టరుగారిది?"

"ఆయన రీలు లోతు. నిండా కొత్త దారం కొనాలంటే ఆయనకి ప్రాణం పోయినంత పని. 'అడుగున ఏదో ఒకటి వెయ్యమ్మా, పైన కనపడేది బాగుంటే చాలు' అన్నాడు. నా దగ్గర ఆకుపచ్చ జడదారం ముక్క ఉంటే వేశాను. ఆయన జట్టు వాళ్ళంతా ఆయన్ని చూసి అలాగే చేయించుకున్నారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగితే చెప్పేదాన్ని. మీవాళ్ళు కొట్టుకు వస్తే నాకు చెప్పి వెళ్తారు గానీ, నన్ను అడగరుగా." ఆమె లేచి నా కోటు గుండీ సరిగ్గా పెట్టింది. "రేపు అందరికంటే ఆఖర్న నిలబడండి. అక్క ముడిని వాళ్ళు తెంపితే మాత్రం, ఒక్కొక్కడికీ దారం ఎలా ఎక్కిస్తానో చూస్తాను."

ఆదివారం వాతావరణం అనుకూలంగా ఉంది. మర్యాద ప్రకారం పరీక్ష అధ్యక్షులవారితో మొదలైంది. ఆయన తెల్ల చేతొడుగులు వేసుకుని, చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

"మిత్రులారా, మనిషైనా దారమైనా ఒకటే పోగుగా ఉండాలి. లోపలొకటి, పైకొకటి ఉన్నవాణ్ణి నీళ్ళే నమ్మవు. చేపేం నమ్ముతుంది?"

చప్పట్లు కొట్టాం. మెకానిక్కు రీలు తిప్పాడు. ఒంటిపోగు వస్తోంది, వస్తోంది, వంతెన మీద గాజుగడ్డిలా కుప్పపడుతోంది. చివర్న ఒక ముడి వచ్చింది. ముడి వెనకాల ఆకుపచ్చ జడదారం వచ్చింది.

మెకానిక్కు చాలా హుందాగా కటరు తీసి, ముడి దగ్గర కత్తిరించి, తన రీలు అందించాడు. దాన్ని అధ్యక్షులవారు స్వహస్తాలతో విప్పారు. అడుగున నాలుగు చుట్ల ఒంటిపోగు మెరుస్తూ కనిపించింది. ఆయన కటరు అందుకున్నారు.

ఆ తర్వాత పని చురుగ్గా సాగింది. నలభై ఒక్క రీళ్ళు విప్పారు, నలభై ఒక్క ముళ్ళు తెంపారు. దారం మోకాళ్ళ దాకా వచ్చింది. కల్తీ లేని సభ్యుడు దొరుకుతాడన్న ఆశతో ప్రతి ఒక్కరూ పక్కవాడి రీలు వైపు చూశారు. మధ్యలో బిస్కట్లు పంచారు. పొడి అంతా నీళ్ళలో పడింది. పొడికి పిల్లచేపలు చేరాయి.

శిక్ష అందరికీ పడింది కాబట్టి ఇక తగువు తీరిపోయిందని, మీలాగే నేనూ అనుకున్నాను. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"ఈ పరీక్షలో తేలిందేమిటంటే, అడుగున ఏముందన్నది అసలు ప్రశ్నే కాదు. పైన కనపడేదే దారం."

"అదెలా కుదురుతుంది?" అన్నాడు మెకానిక్కు. "లిఫ్టు దేనిమీద నిలబడుతుంది? పునాది మీద. అడుగున ఉన్నదే అసలు దారం."

ఆ లెక్కన మెకానిక్కు ఒంటిపోగువాడవుతాడు, డాక్టరుగారు జడవారవుతారు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రెండు నిమిషాల్లో పైపొర వర్గం, అడుగుపొర వర్గం ఏర్పడ్డాయి. మళ్ళీ పసుపు రంగు డబ్బా తెప్పించారు.

పిల్లచేపలు ఒక్కసారిగా చెదిరిపోయాయి. బెంచీకి ముందు, పదిహేను గజాల దూరంలో, నాచు అంచున ముసలమ్మ తేలింది. వీపు కనిపించేంత పైకి వచ్చింది. వంతెన మీద నలభై ఇద్దరు బాస్ వేటగాళ్ళున్నారు. రీలులో దారం ఉన్నది ఒక్కడికే. నా వంతు ఇంకా రాలేదు.

మా ఆవిడ రబ్బరు కప్పకు ఒక కాలు ఎప్పుడో ఊడిపోయింది. అదే కట్టి ఉంది. అదే విసిరాను. కుంటికప్ప నాచు మీద పడి, ఒకటి రెండుసార్లు గెంతింది. నీళ్ళు నోరు తెరిచినట్టయి కప్ప మాయమైంది.

ముసలమ్మ లోతుకు పరుగెత్తింది. దారం పోతోంది. రీలు సన్నబడుతోంది. ఒకచోట నా బొటనవేలికి చిన్నగా ఏదో తగిలింది. రెండేళ్ళ తర్వాత ఆ ముడి పైకి వచ్చింది. కర్ర పొడవునా దారం దూరే ఉంగరాలను ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని తాకుతూ, కొస దాటి, వెలుతుర్లోకి వెళ్ళింది. చిన్నది, బియ్యపుగింజంత. నిలబడింది. నేను మా ఆవిడను మెల్లగా పిలిచాను. సభ జరుగుతోంది కనుక ఎవరూ వినలేదు. నేనూ రికార్డులో రాయలేదు.

అందరూ మాత్రం ముడిని చూశారు. కటరు మెకానిక్కు చేతిలో ఉంది. తీర్మానాన్ని బలపరిచింది అతనే. అతను ముడి వైపు చూశాడు, బెంచీ ఎడమ సగం వైపు చూశాడు, కటరును జేబులో వేసుకున్నాడు.

"మొండిబారిపోయింది," అన్నాడు.

"నలభై ఒకటి కోశాక మొండిబారదూ మరి," అన్నారు అధ్యక్షులవారు, నా నడుం పట్టీ వెనకనుంచి గట్టిగా పట్టుకుంటూ. "ముందు లాగండి కార్యదర్శిగారూ."

లాగాను. ముసలమ్మ అలసి, బెంచీ కిందికి, చేయి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది. ఇక చేతివల కావాలి. కర్ర ఒక వర్గం దగ్గర, వల ఇంకో వర్గం దగ్గర ఉన్నాయి. కర్రను వలకు బిగించాలా, వలను కర్రకు బిగించాలా అని ప్రశ్న వచ్చింది. పాత వర్గాల ప్రకారం బిగించాలా, కొత్త వర్గాల ప్రకారమా అని అనుబంధ ప్రశ్న వచ్చింది. నలుగురు మాట్లాడారు. ఐదో వక్త లేచేసరికి ముసలమ్మ, ఆ వాదనంతా శ్రద్ధగా విన్నట్టు ఒక నిమిషం ఆగి, తల విదిలించి, కప్పను నా ఒళ్ళోకి ఉమ్మేసి వెళ్ళిపోయింది.

నేను దారం వెనక్కి చుట్టుకున్నాను. ముడి మళ్ళీ ఉంగరాలు తాకుతూ వచ్చి రీలు మీద పడుకుంది. దానిమీద జడదారం తడితడిగా యాభై గజాలూ చుట్టుకుంది. రికార్డులో "చేప పడలేదు" అని రాశాను. అది ఒంటిపోగు వల్ల పోయిందా జడదారం వల్ల పోయిందా అన్నదాని మీద మళ్ళీ సత్యనిర్ధారణ సంఘం వేశారు. వల గురించి విచారణ ఏదీ లేదు.

ఆ వారమంతా మా మరదలి కొట్టుకు తీరిక లేదు. నలభై ఒక్క ఖాళీ రీళ్ళకూ దారం ఎక్కించాలి. ఒక్కొక్కరూ ఒంటరిగా వస్తారట. పైన ఏ దారం కావాలో వీధిలోకి వినపడేలా చెబుతారట. తర్వాత తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "అడుగున ఆ రెండోది కాస్త వెయ్యక్కా, లేకపోతే నిలవదు. ఎవరికీ చెప్పకేం" అంటారట. డాక్టరుగారు మొదటిరోజే వచ్చారట. ఆయన వెళ్ళే సమయానికి మెకానిక్కు గుమ్మంలో ఎదురైతే, ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారట. లిఫ్టు ఇప్పుడు మూడున్నర అంతస్తుల దాకా వెళ్తోంది.

మొహమాటపడేవాళ్ళ సౌకర్యం కోసం మరదలు కొట్టుకు వెనకవైపు ఇంకో తలుపు పెట్టించింది. ఇది చదువుతూ మీరు కూడా ఏ దారం మంచిదో ఈపాటికి తేల్చుకునే ఉంటారు. రెండో వర్గాన్ని చూసి నవ్వుకునే ఉంటారు. మీ రీలు పట్టుకుని ఎప్పుడైనా రావచ్చు. వెనక తలుపుకు గడియ వేయదు.